నాయనమ్మ చెప్పే సంగతుల్లోంచి పిల్లలకి పనికొచ్చేది ఎలా తీయాలి? (ఒడిశాలో గుణుపురం, కిమిడి అంటే పర్లాకిమిడి, బరంపురం వైపు వాళ్లు చెప్పండి)

వంశధార_గట్టు అడిగారు:

మాది గుణుపురం. ఇంట్లో నాయనమ్మకి ఎనభై దాటాయి. జ్ఞాపకం బాగానే ఉంది. కానీ కూర్చోబెట్టి "నీ రోజుల్లో ఏం జరిగింది, ఏం నేర్చుకున్నావు" అని అడిగితే "ఏటుందిరా చెప్పడానికి, మేం కష్టపడ్డాం, మీరు సుఖపడుతున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. పిల్లలు ఒడియా మీడియం. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. దసరాకి పెదనాన్న వాళ్లు, మేనత్తలు అందరూ వస్తారు, అప్పుడు ఫోనులో రికార్డు చేద్దామని ఉంది. ఏం అడగాలి? ఎలా రికార్డు చేయాలి? అందులోంచి పిల్లలకి నిజంగా పనికొచ్చేది ఎలా తీయాలి? నీతివాక్యాలు వద్దు, అవి స్కూలు గోడల మీద బోలెడున్నాయి.

పాతట్రంకు జవాబు:

ముందు ఆ దసరా ముహూర్తం మార్చుకోండి. ఇల్లు నిండా జనం ఉన్నప్పుడు పెద్దావిడ నోరు విప్పరు, విప్పినా మాట పూర్తి కానివ్వరు. ఆవిడ "ఆ ఏడు వరి పోయింది" అనగానే పెదనాన్న "ఆ ఏడు కాదమ్మా, దాని ముందేడు" అంటారు. అక్కడితో ఆవిడ ఆగిపోతారు, మిగతాది ఆయన చెబుతారు. అప్పుడు మీకు దొరికేది ఆయన జ్ఞాపకం. దసరాకి ముందే ఆవిడ ఒక్కరితో మూడు నాలుగు సార్లు కూర్చుని, పండక్కి వచ్చినవాళ్లకి ఆ ముక్కలు వినిపించి వాళ్ల మాట విడిగా తీసుకోండి. రెండూ కలవకపోతే రెండూ ఉంచండి. ఎవరిది నిజమో ఆ రోజే తేల్చాలని చూస్తే పండగ పాడవుతుంది.

"ఏం నేర్చుకున్నావు" అన్న ప్రశ్నకి ఎవరైనా సూక్తే చెబుతారు. పాఠం అడగొద్దు, పని అడగండి. శ్రావణ భాద్రపదాల్లో, పాత ధాన్యం అయిపోయి కొత్తది రాని రోజుల్లో, ఇంట్లో పొయ్యి మీద ఏం ఉండేది? ఎంతమందికి? ముందు ఎవరు తినేవారు, చివర ఎవరు? అంబలికి చోడిపిండి (రాగిపిండి) ఎంత, నూకలు ఎంత? సంతకి ఎవరు వెళ్లేవారు, డబ్బు ఎవరి కొంగున ఉండేది? పురుడు ఎవరు పోశారు? ఇలాంటివాటికి "ఏటుందిరా" అనే సమాధానం రాదు, ఎందుకంటే చెప్పడానికి ఒక వస్తువు, ఒక కొలత, ఒక మనిషి ఉంటారు. ప్రతి జవాబు తర్వాత "అలాగే ఎందుకు? ఇంకోలా చేసేవాళ్లు ఉండేవారా?" అన్నది ఒక్కటి అడగండి. అసలు సరుకు అక్కడ దొరుకుతుంది.

చేతికి పని ఉంటే మాట బాగా వస్తుంది. కానీ పని చప్పుడు లేనిదై ఉండాలి. చింతపండులో గింజ తీయడం, ఒత్తులు చేయడం, పూలు కట్టడం బాగుంటాయి. చేట చెరగడం, రోటి పని పెట్టుకుంటే రికార్డింగులో ఆ చప్పుడే వినిపిస్తుంది. పాత వస్తువు ఒకటి చేతికివ్వండి: పెళ్లి ఫొటో, పాత రేషన్ కార్డు, ఇత్తడి బిందె, ఏదైనా. ఒక పూటకి ఒకటే. పది ఒకేసారి పరిస్తే అన్నిటి గురించీ రెండేసి ముక్కలు చెప్పి వదిలేస్తారు.

ఫోను సంగతి. విమానం గుర్తు నొక్కి ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మంచి మాట మధ్యలో ఫోను మోగుతుంది, కొన్ని ఫోన్లలో రికార్డింగే ఆగిపోతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఉక్కపోతగా ఉంటే తెల్లవారే కూర్చోండి. ఫోను ఆవిడ నోటికి జానెడు నుంచి మూరెడు లోపు, మడిచిన తువ్వాలు మీద ఉండాలి. గట్టి బల్ల మీద పెడితే బల్ల తట్టిన ప్రతిసారీ ధన్ ధన్ అంటుంది. అర నిమిషం రికార్డు చేసి విని చూశాకే మొదలెట్టండి. మొదటి వాక్యంగా మీరే తేదీ, ఊరు, ఎవరు మాట్లాడుతున్నారో చెప్పండి. పదేళ్ల తర్వాత ఫైలు పేరు మారిపోయినా గొంతులో తేదీ ఉంటుంది. నలభై నిమిషాలు దాటనివ్వకండి. అలసిన పెద్దవాళ్లు సంగతులు వదిలేసి సూక్తుల్లోకి వెళ్లిపోతారు.

మీరు చేసే తప్పు ఒకటి ముందే చెబుతాను, దాదాపు అందరూ చేస్తారు. ఆవిడ ఆగగానే మీరు ఇంకో ప్రశ్న వేస్తారు. వేయకండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ మౌనం తర్వాత వచ్చే వాక్యమే చాలాసార్లు మొత్తానికి ముఖ్యమైనది.

ఇంకో మాట. కోడళ్ల సంగతులు అత్తల ఎదుట రావు, అత్తల సంగతులు కొడుకుల ఎదుట రావు. హాల్లో కాదు, వంటింట్లో అడగండి. అడిగేది ఆడపిల్ల అయితే మరీ మంచిది.

కుంచం_లెక్క జవాబు:

పాతట్రంకు గారు చెప్పింది బాగుంది. నేను ఏళ్లు, కొలతలు, డబ్బు దగ్గర జరిగే పొరపాట్ల గురించి చెబుతాను. ఇవి తప్పితే మీరు తీసే పాఠం కూడా తప్పుతుంది.

పెద్దవాళ్లు ఏడు చెప్పరు, గుర్తు చెబుతారు. మన వైపు గుర్తులు ఇవి. కిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చింది 1936 ఏప్రిల్ 1న. అంతకు ముందు కాగితాలైతే కిమిడివి గంజాం జిల్లా పేరున, గుణుపురానివి విశాఖపట్నం జిల్లా పేరున ఉంటాయి. ఆ తర్వాత గుణుపురం కోరాపుట్ జిల్లా. రాయగడ జిల్లా, గజపతి జిల్లా విడిగా ఏర్పడింది 1992 అక్టోబరు 2న. కాబట్టి పాత సర్టిఫికెట్ మీద కోరాపుట్ అని ఉంటే తాతగారు కోరాపుట్‌లో పుట్టారని రాసేయకండి. చిన్న రైలు నౌపడా నుంచి కిమిడికి 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో. ఆ చిన్న బండి 2004లో ఆగింది, పెద్ద లైను మీద గుణుపురానికి మళ్లీ రైలు 2011లో వచ్చింది. "మా నాన్న చిన్న బండి ఎక్కి టెక్కలి వైపు కూలికి వెళ్లాడు" అంటే ఈ హద్దుల్లో పెట్టుకోవచ్చు.

తుపాన్ల దగ్గర జాగ్రత్త, అన్నీ అక్టోబరే. 1999లో రెండు వచ్చాయి. గోపాలపురం దగ్గర తగిలింది 17-18 తేదీల్లో, పారాదీప్ వైపు సూపర్ సైక్లోన్ 29న. మన వాళ్లు "తొంభైతొమ్మిది తుపాను" అంటే గంజాం, గజపతి వైపు ఎక్కువగా మొదటిదే. మనవలు నెట్‌లో చూసి 29 అని రాసేస్తారు. ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. విడదీయడానికి "దసరాకి ముందా, తర్వాతా?" అని అడగండి. 1999లో మొదటిదీ, ఫైలిన్‌దీ దసరా రోజులే. హుద్‌హుద్ వచ్చేసరికి దసరా అయిపోయింది. తిత్లీ నవరాత్రులు మొదలైన వెంటనే. తారీకు మర్చిపోయినవాళ్లకి కూడా పండగ గుర్తుంటుంది.

పుట్టిన ఏడు తెలుగు సంవత్సరం పేరుతో చెబితే అదృష్టం. చిత్రభాను అంటే 1942-43, మళ్లీ 2002-03. అరవై ఏళ్లకి తిరిగొస్తుంది గనక పొరపాటు పడే అవకాశం లేదు. ఉగాదితో మారుతుంది కాబట్టి సంక్రాంతికి పుట్టినవాళ్లకి రెండో ఇంగ్లీషు ఏడు వేయాలి. జాతకం ఒడియా జ్యోతిష్కుడు రాసిందైతే అందులో "అంక" అని ఉండొచ్చు. అది పూరీ గజపతి రాజు ఏలుబడి లెక్క, వరస లెక్క కాదు. 1 ఉండదు, 6తో ముగిసేవి ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. మామూలు సంఖ్య అనుకుని కూడితే ఏళ్లు తేడా వస్తాయి.

కొలతలు. పుస్తకాల లెక్క: 4 గిద్దలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక, 2 మానికలు అడ్డ, 2 అడ్డలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. కానీ ఊరికో కుంచం ఉండేది. ఇంట్లో పాత కొలపాత్ర ఉంటే దాన్ని బియ్యంతో తలకొట్టి నింపి కాటా మీద తూచండి, తర్వాత గోపురంగా నింపి తూచండి. రెండూ రాసుకోండి, తేడా చూస్తే ఆశ్చర్యపోతారు. కూలి కొలిచేటప్పుడు తలకొట్టి, అప్పు వసూలుకి గోపురంగా కొలిచేవారా అని అడగండి. ఊరు ఎలా నడిచేదో ఆ ఒక్క ప్రశ్నకే తెలుస్తుంది. "గుప్పెడు" అంటే ఆవిడ చేత్తోనే మూడుసార్లు కాటాలో వేయించి సగటు తీయండి. మీ గుప్పెడు ఆవిడ గుప్పెడు ఒకటి కాదు.

డబ్బు: రూపాయికి 16 అణాలు, బేడ 2 అణాలు, పావలా 4. 1957 ఏప్రిల్ 1 నుంచి నూరు పైసలు, అణా అంటే ఆరుంపావు పైసలు. జనం మాటలో అణాలు ఆ తర్వాత కూడా చాలా కాలం నడిచాయి, కాబట్టి "అణా" వినగానే 1957కి ముందు అనుకోకండి. తులం పాత లెక్కన 11.66 గ్రాములు, ఇప్పుడు అంగట్లో పది. ఇంకో జాగ్రత్త: పాత ధరని ఇప్పటి రూపాయల్లోకి మార్చి పిల్లలకి చెబితే ఏమీ అర్థం కాదు. "ఆ రోజు కూలికి ఎన్ని తవ్వల బియ్యం వచ్చేవి?" అని పనిలోకి మార్చండి.

వంశధార_గట్టు:

చాలా థ్యాంక్స్ అండీ. అడిగే పద్ధతి మార్చాక నిన్న కొంచెం నడిచింది. కోతలకి ముందు షావుకారు దగ్గర ధాన్యం నాగుకి (గింజగానే తీర్చే అప్పుకి) తెచ్చుకునేవారట, కోతయ్యాక పుట్టికి పుట్టిన్నర కొలవాలట. చివర్లో "అందుకే అప్పు చేయకండి" అంది. మళ్లీ సూక్తే కదా! దీన్ని ఎలా వాడాలి?

మహేంద్రగిరి_నీడ జవాబు:

సూక్తి కాదండీ, మీకు మంచి గని దొరికింది. తవ్వే పద్ధతి చెబుతాను.

ఒక జ్ఞాపకానికి ఒక కాగితం తీసుకోండి. దాని మీద నాలుగు సంగతులు రాయండి: ఆ రోజు చేతిలో ఏముంది, ఎదుట ఎన్ని దారులున్నాయి, ఏది పట్టుకున్నారు, ఏడాది తర్వాత ఏమైంది. నాయనమ్మ చెప్పిన సూక్తి కాగితం వెనక రాయండి, ముందువైపు కాదు. ఎక్కువమంది రెండో సంగతి వదిలేస్తారు. అది లేకపోతే పిల్లలకి "మామ్మ వాళ్లకి గతిలేక చేశారు" అనే మిగులుతుంది. నాగు తేకుండా ఏం చేసి ఉండొచ్చు? కంటె తాకట్టు పెట్టొచ్చు, దూడని అమ్మొచ్చు, పంట పచ్చగా ఉండగానే తక్కువ ధరకి ఒప్పుకోవచ్చు, కూలికి వలస పోవచ్చు. వాటిలో ఏవి ఆ ఇంటికి అందుబాటులో ఉన్నాయి, ఏవి లేవు, ఎందుకు? అవన్నీ ఆవిడనే అడగండి.

ఇప్పుడు లెక్క వేయండి, పిల్లల చేతే వేయించండి. శ్రావణంలో పుట్టి తెచ్చి పుష్యంలో పుట్టిన్నర ఇచ్చారనుకుందాం. అయిదు నెలలకి సగం, అంటే నెలకి నూటికి పది. ఏడాదికి నూట ఇరవై. ఇంత దారుణమా అనిపిస్తుంది. కానీ శ్రావణంలో ధాన్యం ధర ఎక్కువ, కోతలప్పుడు తక్కువ. ఉదాహరణకి తెచ్చిన రోజు వెయ్యి రూపాయల ధాన్యం కోతల నాటికి ఎనిమిది వందలకి దిగితే, తిరిగి కొలిచిన ఒకటిన్నర విలువ పన్నెండు వందలు. డబ్బు లెక్కన అయిదు నెలలకి నూటికి ఇరవై, నెలకి నాలుగు రూపాయల వడ్డీ, ఏడాదికి నలభై ఎనిమిది. ఇది కూడా ఎక్కువే. కానీ నూట ఇరవైకీ నలభై ఎనిమిదికీ మధ్య ఉన్న తేడాలోనే ఆ రోజుల్లో తెచ్చుకున్నవాళ్ల ఆలోచన ఉంది. పంట పోయిన ఏడు మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. కోతలకి ధర దిగదు, కొలవడానికి గింజ ఉండదు, బాకీ మరుసటి ఏడాదికి పోయి దాని మీద మళ్లీ సగం ఎక్కుతుంది. ఒకటి ఒకటిన్నర అయి, ఒకటిన్నర రెండుంపావు అవుతుంది. రెండు పాడు ఏళ్లలో ఇల్లు మునిగేది ఇలా.

కాబట్టి "అప్పు చేయకండి" కన్నా పిల్లలకి పనికొచ్చేవి రెండున్నాయి. ఒకటి, అప్పు తెచ్చే రోజు ధర, తీర్చే రోజు ధర వేరైతే వడ్డీ కాగితం మీద కనపడేది కాదు. రెండు, ఆ ఇంటికి కావలసింది అయిదు నెలల గింజ మాత్రమే. దాన్ని కోతలప్పుడే పక్కన పెట్టగలిగిన ఇళ్లు నాగుకి వెళ్లలేదు. పెట్టలేకపోవడానికి కారణం దుబారానా, కోతలప్పుడే వసూలుకి వచ్చి కూర్చున్న పాత బాకీనా? అడిగి చూడండి. నా అనుమానం రెండోదే.

ఇక్కడ ఒక మాట కటువుగా ఉన్నా చెప్పాలి. మన వైపు తెలుగు ఇళ్లలో కొన్ని నాగు తెచ్చుకున్న ఇళ్లు, కొన్ని ఇచ్చిన ఇళ్లు. ఇచ్చిన ఇంటి జ్ఞాపకంలో అది "కష్టపడి పైకొచ్చాం, మదుపు చేశాం" అవుతుంది. కొండ మీద సవర ఇంట్లో అదే సంగతి "ఆ ఏడు పొలం పోయింది" అవుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరున మారకుండా ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ 2 వచ్చింది ఊరికే కాదు. మీ ఇంటి సంగతుల్లో భూమి ఎలా వచ్చిందన్న ముక్క తగిలితే, అవతలి ఇంటివాళ్లు దాన్ని ఎలా చెబుతారో కూడా కనుక్కోండి. కనుక్కోలేకపోతే "ఇది ఒకవైపు మాట" అని కాగితం మీద రాసిపెట్టండి. పొదుపు గొప్పదనం చెప్పడానికి ఆ జ్ఞాపకాన్ని వాడకండి.

ఇంకో గోతి. "తాత ఊరు వదల్లేదు, అందుకే నిలబడ్డాడు" లాంటివి. అదే ఏడు ఊరు వదిలి రంగం (రంగూన్) పోయినవాళ్లు, విశాఖ పోయినవాళ్లు ఏమయ్యారు? నిలబడిన ఇంట్లో కూర్చుని నిలబడటమే గొప్ప అనుకోవడం సులువు. అదే వీధిలో వేరే దారి పట్టిన ఇంకో ఇంటి సంగతి తెచ్చి పక్కన పెట్టండి, రెండూ చెప్పి పిల్లల్ని వాదించుకోనివ్వండి.

బరంపురం_బస్టాండు జవాబు:

లిపి గురించి ఎవరూ చెప్పలేదు. ఒడియా అక్షరాల్లో తెలుగు రాసిస్తే పిల్లలు చదువుతారు, కానీ రెండు చోట్ల దెబ్బ తింటుంది. ఒడియాలో ఎ-ఏ, ఒ-ఓ తేడాకి వేరు అక్షరాలు లేవు, మెడ ఏదో మేడ ఏదో తెలియదు. రెండోది, ఒడియా అలవాటున అకారాన్ని ఒకారంగా పలుకుతారు, అమ్మ కాస్తా ఒమ్మొ అయి కూర్చుంటుంది. అందుకని ఒడియా అక్షరాల్లో రాసినా పక్కన రికార్డింగు పెట్టండి. దీర్ఘం ఉన్న ఏ, ఓల కింద ఎర్ర సిరాతో గీత గీయండి, వారంలో అలవాటవుతుంది. వీలైతే రోజుకి నాలుగు తెలుగు అక్షరాలు నేర్పండి. నాయనమ్మ మాటలే చదువుకునే పుస్తకమైతే పిల్లలు మొరాయించరు.

ఫోనులో మాట్లాడి టైపు చేయించే సదుపాయం ఉంది కదా అని దాని మీద వదిలేయకండి. మన "ఏటి", "ఎల్లిపోనాడు", మధ్యలో దొర్లే ఒడియా మాటలు దానికి పట్టవు, పట్టనివాటిని తోచిన పుస్తకం మాటగా మార్చేస్తుంది. వింటూ చేత్తో దిద్దాల్సిందే. ఆవిడ ఎలా అన్నారో అలాగే రాయండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మన కిమిడి. అక్కడికి ఇంత దగ్గర్లో ఉండి నాయనమ్మ నోట గ్రాంథికం పెడితే బాగోదు.

సంతతోవ జవాబు:

ఇంత సరంజామా చూస్తే వంశధార గారు భయపడి మానేస్తారేమో. అంకలు, కాటాలు, ఎర్ర సిరా! ఎనభై దాటిన మనిషి, ముందు రికార్డు చేసేయండి. లెక్కలు తర్వాత వేసుకోవచ్చు, గొంతు తర్వాత దొరకదు. ఒక్కటి మాత్రం ఆ రోజే చేయాలి. పేర్లు, వరసలు అప్పటికప్పుడే అడగండి. "మా చిన్నాన్న" అంటే ఎవరి చిన్నాన్న, పుట్టింటి వైపా అత్తింటి వైపా అన్నది నెల తర్వాత మీకే గుర్తుండదు.

కుంచం_లెక్క:

సంతతోవ గారితో ఒప్పుకుంటాను. కాటా మాత్రం వదలను.

వంశధార_గట్టు:

ఆఖరి ప్రశ్న. ఒక సంగతి చెబుతూ "ఇది మాత్రం ఎవరికీ వినిపించకు" అంది. రికార్డింగు నడుస్తోంది. చెరిపేయాలా?

పాతట్రంకు జవాబు:

ఆవిడ ముందే ఫోను ఆపండి, ఆపినట్టు చూపించండి. తర్వాత అడగండి: చెరిపేయమంటావా, నువ్వున్నన్నాళ్లు దాచమంటావా, ఫలానా వాళ్లకి మాత్రం వద్దంటావా? మూడూ వేరు. చాలామంది మనసులో ఉండేది మూడోది. చెరిపేయమంటే ఎదురుగానే చెరిపేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. దాచమంటే ఆ ముక్కని విడి ఫైలుగా కోసి వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టి, మీద ఎవరికి ఎప్పుడు అన్నది రాయండి. అసలు ఫైలు ఫ్యామిలీ గ్రూపులో ఎక్కకూడదు, ఎక్కితే ఇక మీ చేతిలో లేదు. పట్టాలు, ఆధార్ ఉన్న ఫొటోలు కూడా గ్రూపులో పెట్టకండి.

మిగతావాటికి మూడు కాపీలు: ఒకటి ఫోనులో, ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర. వరద వచ్చే ఊళ్లో అన్నీ ఒకే బీరువాలో పెట్టకూడదు. పాత ఫొటోలు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. ఫైలు పేరులో ముందు ఏడు, నెల, తేదీ, తర్వాత మనిషి, తర్వాత సంగతి రాయండి, అప్పుడు వరసగా వాటంతటవే సర్దుకుంటాయి. ఏడాదికోసారి అన్నీ తెరిచి పలుకుతున్నాయో లేదో చూడండి, పెన్‌డ్రైవ్‌లు చెప్పకుండా పోతాయి.